‘పద్మ’: ఒక బ్రౌజరు పొడిగింత చరిత్ర

కృష్ణానదికి దక్షిణమున గుంటూరు మొదలుకొని ఒంగోలు దాటువరకు పరచుకొనియున్న నల్లరేగడి నేలలలో పత్తియు మిరపయు రైతునకు ముఖ్యమైన వాణిజ్యపు పంటలు. కాయలను కోసి, కల్లములలో ఎండబెట్టి, టిక్కీలకు ఎత్తి గుంటూరు మిర్చి యార్డునకు తోలుకొనిపోవు రైతు మొదట తెలిసికొనగోరునది ఆనాటి ధర. చిలకలూరిపేటలోనైనను, పర్చూరులోనైనను పత్తి బేరమాడువానికిని అదే అవసరము. చిరకాలము ఈ ధరలను ఊరూరికి చేర్చిన సాధనములలో తెలుగు దినపత్రిక ముఖ్యమైనది. 1990వ దశకము చివరి సంవత్సరములనుండి తెలుగు దినపత్రికలు తమ పుటలను ఇంటర్నెట్టుపైకూడ ఉంచసాగినవి. ఊరు విడిచి హైదరాబాదునకో, అమెరికాకో పోయినవారుకూడ తమ ప్రాంతపు వార్తలను ఏనాటివి ఆనాడే చదువుకొనుటకు వీలు కలిగెను.

ఐనను ఆ పుటలలో ఒక విచిత్రమైన చిక్కు ఉండెను. తెరపై ‘మిర్చి’ అను మాట కంటికి స్పష్టముగా కనిపించుచుండును. కాని ఆ మాట పుటలో ఎక్కడ ఉన్నదో వెదకి చూపుమని కంప్యూటరును అడిగినచో, లేదని బదులు వచ్చును. ఆ వార్తను ఎత్తి ఉత్తరములో చేర్చి మిత్రునకు పంపినచో, అతనికి తెలుగునకు మారుగా ఇంగ్లీషు అక్షరములు, ఐరోపా భాషల గుర్తులు, విరామ చిహ్నములు కలగాపులగముగా కనిపించును. చూపులేనివారికొరకు పుటను పైకి చదివి వినిపించు యంత్రమునకు అది ఏ భాషయో తెలియదు. అనగా పుటపై ఉన్నది తెలుగు అక్షరముల బొమ్మయే. యంత్రము దృష్టిలో అది తెలుగు మాట కాదు.

ఈ చిక్కును విడదీసిన పనిముట్లలో మొదట చెప్పదగినది ‘పద్మ’. అది పెద్ద సంస్థలు నిర్మించినదియు కాదు, ప్రభుత్వ పథకమువలన వచ్చినదియు కాదు. ఫైర్‌ఫాక్స్ అను బ్రౌజరునకు తగిలించుకొనదగిన ఒక చిన్న పొడిగింత. అది ఏమి చేసెనో, ఎట్లు చేసెనో, తరువాత ఏమయ్యెనో తెలిసికొన్నచో బ్రౌజరు పొడిగింతల ప్రయోజనమంతయు ఒక్క ఉదాహరణలోనే తేటపడును.

అచ్చుకూటమునుండి తెరమీదికి

సీసపు టైపుతో అచ్చు వేయు కాలమున కంపోజిటరు తన ముందున్న కేసు గళ్లనుండి ఒక్కొక్క టైపును ఏరి స్టిక్కులో పేర్చుచుండెడివాడు. ఆ గళ్లలో ఉండునవి ధ్వనులు కావు, ఆకారములు. తలకట్టు గల ‘త’, గుడి గల ‘తి’, అడుగున చేర్చవలసిన త వత్తు వేరువేరు గళ్లలో ఉండును. పేర్చుటకు ఏ వరుస అనుకూలమో ఆ వరుసలో వానిని కూర్చుట అతని పని. ఆ ఆకారములను మరల ధ్వనులుగా మార్చుకొనుట చదువరి పని. చదువుట వచ్చిన మనిషి ఆ పనిని తనకు తెలియకుండగనే చేయును.

కంప్యూటరు అచ్చుపనికి వచ్చినప్పుడు ఈ పద్ధతియే దానిలోనికికూడ ప్రవేశించెను. కంప్యూటరు అక్షరమును అక్షరముగా ఎరుగదు. దానికి తెలిసినది సంఖ్య ఒక్కటే. ఫలానా సంఖ్య వచ్చినప్పుడు ఫలానా ఆకారమును తెరపై గీయవలెనని చెప్పునది ఫాంటు. ఆనాటి సామాన్యపు ఫాంటులో 256 స్థానములు మాత్రమే ఉండెడివి. ఇంగ్లీషునకు అవి అక్కరకు మించినవి. తెలుగులోనో, అచ్చులు, హల్లులు, ప్రతి హల్లునకు గుణింతపు రూపములు, వానికి తోడు వత్తులు కలవు. అన్నిటికిని ఒక్కొక్క స్థానము ఇచ్చినచో 256 చాలవు. అందుచేత ఫాంటు నిర్మించినవారు అక్షరములను ముక్కలుగా విడగొట్టి, ఇంగ్లీషు అక్షరములకును ఐరోపా గుర్తులకును కేటాయింపబడిన స్థానములలో ఆ ముక్కలను ఉంచిరి.

ఏ ముక్కను ఏ స్థానములో ఉంచవలెనను విషయమున అందరును అంగీకరించిన కట్టుబాటు లేకపోయెను. ఒక్కొక్క ఫాంటు ఒక్కొక్క దారి పట్టెను. ‘ఈనాడు’ వెబ్ పుటలకు ఒక ఫాంటు, ‘వార్త’ పుటలకు మరియొక ఫాంటు ఉండెడివి. ఒక పత్రికలో ‘పత్తి’ అను మాటకు నిలిచిన సంఖ్యల వరుసకును, మరియొక పత్రికలో అదే మాటకు నిలిచిన వరుసకును పొంతన ఉండెడిది కాదు.

కాగితముపై అచ్చు వేయుటకు దీనివలన నష్టమేమియు లేదు. కాగితమును చదువునది మనిషి. కాని వెబ్ పుటను మనిషికంటె ముందు యంత్రము చదువును. మాటను వెదకుట, పేర్లను అకారాది క్రమమున పెట్టుట, వార్తను ఎత్తి మరియొకచోట చేర్చుట, పైకి చదివి వినిపించుట, ఇవన్నియు సంఖ్యలపై జరుగు పనులు. 1997లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నాలుగవ కూర్పునుండి పుటతోపాటు దానికి తగిన ఫాంటును కూడ దింపుకొను ఏర్పాటు ఉండెను. దానివలన కంటికి తెలుగు కనిపించెడిది. లోపలి సంఖ్యలు మాత్రము మారలేదు. ఆ ఏర్పాటు లేని బ్రౌజరులో, ఫాంటును విడిగా తెచ్చి అమర్చుకొననివానికి, ఆ కనిపించుట కూడ లేదు.

ఒక అక్షరమునకు ఒకే సంఖ్య

ఈ అరాచకమునకు శాస్త్రీయమైన మందు అప్పటికే సిద్ధముగా ఉండెను. భారత ప్రమాణముల సంస్థ 1991లో ‘ఇస్కీ’ అను సంకేత పద్ధతిని ప్రమాణముగా అంగీకరించెను. అదే సంవత్సరము అక్టోబరులో ప్రపంచ భాషల లిపులన్నిటికిని ఒకే పట్టిక ఉండవలెనను ఉద్దేశముతో యూనికోడు మొదటి కూర్పు వెలువడెను. అందులో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కేటాయింపబడినవి.

యూనికోడునందలి ముఖ్య సూత్రము ఇది. సంఖ్య అక్షరమునకు చెందును. ఆకారము ఫాంటునకు చెందును. ‘ప’ అను అక్షరము ఎవరు వ్రాసినను, ఏ ఫాంటులో చూపినను, దాని సంఖ్య 3114. ‘త’ సంఖ్య 3108. గుడి సంఖ్య 3135. పొల్లు సంఖ్య 3149. తలకట్టు గల త, వత్తుగా మారిన త వేరువేరు ఆకారములైనను యూనికోడు దృష్టిలో రెండును ఒకే త. దానిని ఎక్కడ వత్తుగా చూపవలెనో పొల్లును చూచి ఫాంటు నిర్ణయించుకొనును. అందుచే 128 స్థానములే తెలుగునకు ధారాళముగా సరిపోవుచున్నవి.

ఇస్కీ పద్ధతిని అనుసరించి యూనికోడులో భారతీయ లిపులన్నియు ఒకే అమరికలో ఉంచబడినవి. దేవనాగరి ‘క’ సంఖ్య 2325. దానికి 768 కూడినచో 3093 వచ్చును. అది తెలుగు ‘క’. ఒక భారతీయ లిపికొరకు నిర్మించిన పనిముట్టును మరియొక లిపికి మలచుకొనుట ఈ పోలికవలన సులభమగును.

2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీతో ‘గౌతమి’ అను యూనికోడు తెలుగు ఫాంటు వచ్చెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులు ‘పోతన’, ‘వేమన’ అను ఫాంట్లను నిర్మించి అందరికిని అందించిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా యూనికోడులో ప్రారంభమయ్యెను. ఈ విధముగా తెలుగు వెబ్ రెండు పాయలుగా చీలెను. కొత్తగా వ్రాయబడునది యూనికోడు పాయ. ఎక్కువమంది పాఠకులు గల దినపత్రికలు మాత్రము ఇంకను పాత ఫాంట్ల పాయలోనే ఉండెను. రెంటికిని నడుమ కాలువ త్రవ్వవలసిన అవసరము ఏర్పడెను.

పొడిగింత అనగానేమి

వెబ్ పుటను తెచ్చి తెరపై చూపు సాధనము బ్రౌజరు. టిమ్ బెర్నర్స్-లీ 1990లో మొదటి బ్రౌజరును వ్రాసెను. కాలక్రమమున బ్రౌజరును వాడువారు కోట్లాదిగా పెరిగిరి. వారి అవసరములు ఒక్కటి కావు. చూపులేనివానికి ఒకటి కావలెను, విద్యార్థికి ఒకటి, వర్తకునకు మరియొకటి. అందరి కోరికలను ఒకే సాధనములో ఇమిడ్చినచో అది మోయలేని బరువగును. అందుచేత బ్రౌజరును చిన్నదిగా ఉంచి, కావలసినవారు కావలసిన అదనపు పనిముట్టును తగిలించుకొనుటకు వీలు కల్పించిరి. అట్టి అదనపు పనిముట్టే ఎక్స్‌టెన్షను. తెలుగు చేయువారు దీనికి ‘పొడిగింత’ అను పేరు పెట్టిరి.

ట్రాక్టరునకు నాగలి తగిలించినచో దున్నును. గొర్రు తగిలించినచో విత్తును. ట్రాలీ తగిలించినచో టిక్కీలను యార్డునకు చేర్చును. యంత్రము ఒక్కటే, వెనుక తగిలించిన పనిముట్టునుబట్టి పని మారును. బ్రౌజరునకును పొడిగింతకును గల సంబంధము ఇట్టిదే.

ప్రధాన బ్రౌజర్లలో పొడిగింతలకు మొదట చోటిచ్చినది 1997 నాటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు. 2004 నవంబరు 9వ తేదీన వెలువడిన ఫైర్‌ఫాక్స్ మొదటి కూర్పు ఈ పద్ధతిని బాగుగా వ్యాపింపజేసెను. సామాన్యమైన ప్రోగ్రాము వ్రాయగల ఎవరైనను దానికి పొడిగింతను వ్రాసి ఇతరులకు ఉచితముగా పంచవచ్చును. పుట వెబ్‌నుండి వచ్చి తెరపై నిలుచునప్పుడు పొడిగింత దానిలోని పాఠమును చేతిలోనికి తీసికొనగలదు, మార్చగలదు, మార్చిన దానిని పాఠకునకు చూపగలదు. పత్రికవారి అసలు పుట ఎక్కడ ఉన్నది అక్కడనే మార్పు లేక ఉండును. మార్పంతయు పాఠకుని సొంత కంప్యూటరులో జరుగును. పద్మకు ఈ సౌకర్యమే ఆధారమయ్యెను.

పద్మ నిర్మాణము

పద్మను నిర్మించినది వెన్న నాగార్జున. తెలుగు వికీపీడియాను ప్రారంభించినదియు ఆయనయే. పద్మకు ముందే ఒక పునాది ఉన్నది. 1990వ దశకము తొలి సంవత్సరములలో ఇంటర్నెట్టు చర్చావేదికలపై కలిసికొను తెలుగువారికి తెలుగు లిపిలో వ్రాయుటకు సాధనము లేకుండెను. వారు ఇంగ్లీషు అక్షరములతోనే తెలుగు వ్రాసికొనుచుండిరి. ఒకరి వ్రాతకును మరియొకరి వ్రాతకును పొందిక ఉండెడిది కాదు. అమెరికాలోని హ్యూస్టను నగరమున గల రైస్ విశ్వవిద్యాలయములోని కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ దీనికొక కట్టుబాటు ఏర్పరచిరి. విశ్వవిద్యాలయపు పేరనే అది ‘ఆర్.టీ.ఎస్.’ అని వ్యవహరింపబడెను. దాని ప్రకారము ‘పత్తి’ వ్రాయుటకు పీ, ఏ, టీ, టీ, ఐ అను చిన్నబడి అక్షరములు చాలును. ‘గుంటూరు’లోని ‘టూ’ వ్రాయుటకు పెద్దబడి టీ, పెద్దబడి యూ వాడవలెను. ధ్వని ఏ వరుసలో పలుకబడునో ఆ వరుసలోనే వ్రాయుట ఈ పద్ధతియందలి గుణము. యూనికోడునకును అదే వరుస.

2005-06 నాటికి పద్మ ఫైర్‌ఫాక్స్‌లో వాడుకకు వచ్చెను. దానిని అమర్చుకొన్నవాడు పాత ఫాంటు గల పత్రిక పుటను తెరచినచో, పద్మ ఆ ఫాంటును గుర్తించి, లోపలి సంఖ్యలను యూనికోడు సంఖ్యలుగా మార్చి చూపెడిది. ఏయే వెబ్ సైట్లను ఎప్పటికప్పుడు తనంతట తానే మార్చవలెనో ఒక జాబితాలో చేర్చుకొనవచ్చును. పుటలో కొంత భాగమును మాత్రమే ఎన్నుకొని మార్చుకొనవచ్చును. ఆర్.టీ.ఎస్. పద్ధతిలో వ్రాసినదానిని తెలుగు లిపిలోనికి తెచ్చుకొనవచ్చును. మొదట తెలుగునకై పుట్టిన ఈ పనిముట్టు క్రమముగా మలయాళము, తమిళము, దేవనాగరి మొదలగు ఇతర లిపులకును విస్తరించెను.

మూడు మాటలు, మూడు చిక్కులు

సంఖ్యకు సంఖ్య మార్చుట సులభమని తోచును. ఒక పట్టిక వ్రాసికొని, ఎడమవైపున ఉన్నదానికి మారుగా కుడివైపున ఉన్నదానిని ఉంచిన చాలుననిపించును. తెలుగులో అది చాలదు. గుంటూరు, ప్రకాశము మైదానములో నిత్యము వినబడు మూడు మాటలను తీసికొన్నచో ఇందులోని కష్టము తెలియగలదు.

మొదటిది ‘పత్తి’. పాత ఫాంటులో ఈ మాట మూడు ముక్కలుగా ఉండును. మొదట ‘ప’, తరువాత గుడితో కూడిన ‘తి’, చివర త వత్తు. కంటికి గుడి మొదటి త మీద కూర్చున్నట్లు కనిపించును. కాని పలుకునప్పుడు ఇకారము రెండవ త తరువాత వచ్చును. యూనికోడు పలుకు వరుసను అనుసరించును. కావున అందులో ప, త, పొల్లు, త, గుడి అను వరుస ఉండవలెను. సంఖ్యలలో చెప్పవలెనన్న 3114, 3108, 3149, 3108, 3135. పద్మవంటి పనిముట్టు ‘తి’ అను ముక్కను చూడగనే దానిని త, గుడి అని రెండుగా విడదీయును. గుడిని వెంటనే వ్రాయక చేతిలో పట్టుకొని వేచియుండును. తరువాతి ముక్క వత్తైనచో ముందు పొల్లును, ఆ హల్లును వ్రాసి, అటుపైన గుడిని వదలును. తరువాత వచ్చినది వత్తు కానిచో గుడిని అక్కడనే వ్రాసివేయును.

రెండవ మాట ‘మిర్చి’. ఇందులో ‘ర్చి’ చిక్కు పైన చెప్పినదే. అక్కడ ‘రి’ మీద కనిపించు గుడి చకారమునకు చెందవలెను. కాని మొదటి అక్షరములో మరియొక చిక్కు ఉన్నది. మకారపు ఆకారమును చూచినచో అది వకారమునకు చివర కొమ్మువంటి గీతను చేర్చినట్లుండును. ఈ పోలికవలననే వకారమునకు కొమ్ము ఇచ్చునప్పుడు దానిని ప్రక్కన ఉంచక అడుగునుండి వ్రాయుదురు. లేనిచో ‘వు’ అను అక్షరము ‘మ’ వలె కనిపించును. స్థలము చాలని ఫాంట్లలో మకారమునకు వేరుగా చోటు ఇయ్యక, వకారపు ముక్కకు ఈ గీతను చేర్చి మకారమును తయారుచేయుట కలదు. అట్టిచోట ‘మి’ అనునది ‘వి’, గీత అను రెండు ముక్కలు. యంత్రము ‘వి’ని చూడగనే వికారమని నిశ్చయించినచో ‘మిర్చి’ కాస్త ‘విర్చి’ యగును. తరువాతి ముక్కను చూచిన పిమ్మటనే అది వియో, మియో తేల్చవలెను.

మూడవది ‘ప్రకాశం’. ర వత్తును క్రావడిగా వ్రాయునప్పుడు అది హల్లునకు ఎడమవైపునుండి మొదలై అడుగుకు చుట్టుకొనును. అందుచే కొన్ని ఫాంట్లలో క్రావడియే మొదట వచ్చి, దాని వెనుక ‘ప’ వచ్చును. పలుకునప్పుడు మాత్రము ప ముందు, ర వెనుక. ఇక్కడ యంత్రము క్రావడిని చూచి దానిని పట్టుకొని, రాబోవు హల్లుకొరకు వేచియుండి, హల్లు వచ్చిన తరువాత పొల్లును, రకారమును దానికి చేర్చవలెను. మొదటి మాటలో వెనుకకు పోవలసిన గుర్తు ముందు వచ్చినది; ఇక్కడ వెనుక రావలసిన హల్లే ముందు వచ్చినది.

ఈ నియమములు ఒక్క ఫాంటునకు తెలిసికొన్న చాలదు. ఫాంటు మారినచో ముక్కలు మారును, ముక్కల వరుసయు మారును. కావున ఒక్కొక్క ఫాంటునందలి ప్రతి స్థానమును పరిశీలించి, అందులో ఏ ముక్క ఉన్నదో గుర్తించి, పట్టిక తయారుచేయవలెను. ఫాంటు నిర్మాతలు ఇట్టి పట్టికలను ప్రకటించనిచోట ఒక్కొక్క ముక్కను తెరపై చూచి పోల్చుకొనుట తప్ప వేరు మార్గము లేదు. పద్మయందలి శ్రమలో అధికభాగము ఇట్టి పట్టికలలో ఉన్నది. ఆ శ్రమఫలము మాత్రము పాఠకునకు ఒక్క క్షణములో అందెడిది. పద్మ ఉన్న బ్రౌజరులో దినపత్రిక పుటను తెరచి ‘మిర్చి’ అని వెదకినచో ఆ మాట దొరకెడిది. వార్తను ఎత్తి ఉత్తరములో చేర్చినచో అది తెలుగుగానే చేరెడిది.

పాఠకుని చేతిలోని పనిముట్టు

పద్మవలన తెలియవచ్చు ముఖ్యవిషయము ఒకటి కలదు. పత్రికలు తమ ఫాంట్లను మార్చుకొనువరకు పాఠకుడు వేచియుండవలసిన పని లేకపోయెను. పుటను తయారుచేసినవాని అనుమతిగాని, బ్రౌజరును తయారుచేసినవాని పూనికగాని అక్కరలేకయే పాఠకుడు తన అవసరమును తాను తీర్చుకొనెను. ప్రజాదరణ పొందిన ఇతర పొడిగింతల చరిత్రను చూచినను ఇదే లక్షణము కనిపించును.

2005లో వచ్చిన ‘గ్రీజ్‌మంకీ’ ఏ పుటనైనను తన ఇష్టము వచ్చినట్లు దిద్దుకొను స్వేచ్ఛను పాఠకునకు ఇచ్చెను. 2006లో అమెరికాలోని జార్జి మేసన్ విశ్వవిద్యాలయమున ‘జొటెరో’ అను పొడిగింత వెలువడెను. పరిశోధకుడు చదివిన గ్రంథములు, వ్యాసముల వివరములను వెబ్ పుటలనుండి సేకరించి, వరుసగా భద్రపరచుట దాని పని. ‘యాడ్‌బ్లాక్ ప్లస్’, 2014లో వచ్చిన ‘యూబ్లాక్ ఆరిజిన్’ వంటివి ప్రకటనలను అడ్డుకొని పుటను తేలిక చేయును. డేటాకు డబ్బు కట్టి, నెమ్మదియైన కనెక్షనుతో చదువుకొనువానికి అది రెండు విధముల ఆదా. సంకేతపదములను భద్రపరచునవి, పరభాషా పదములకు అర్థము చూపునవి, పుటను పైకి చదివి వినిపించునవి మొదలగు పొడిగింతలు మరి యెన్నియో కలవు.

ఈ ఉపయోగముతోపాటు ఒక హెచ్చరికయు అవసరము. పుటను మార్చగల పొడిగింత పుటను చదువగలదు కూడ. పాఠకుడు బ్యాంకు పుటను తెరచినను, సొంత ఉత్తరమును తెరచినను, అనుమతి ఉన్నచో పొడిగింతకు అదంతయు కనిపించును. కావున ఎవరు నిర్మించినదో, ఏయే అనుమతులు కోరుచున్నదో చూడక పొడిగింతను అమర్చుకొనరాదు. పద్మవంటి పనిముట్టుయొక్క లోపలి ప్రోగ్రాము బహిరంగముగా ఉండుట ఇందుచేతనే మేలు. తెలిసినవారెవరైనను దానిని తెరచి పరీక్షింపవచ్చును.

పద్మనుండి లేఖినికి

ప్రోగ్రాము బహిరంగముగా ఉండుటవలన మరియొక లాభము కలిగెను. పద్మలో ఇంగ్లీషు అక్షరములను తెలుగులోనికి మార్చు భాగమును ఆధారముగా గొని వీవెన్ 2006లో ‘లేఖిని’ని రూపొందించెను. ఇది పొడిగింత కాదు, ఒక వెబ్ పుట. ఒక పెట్టెలో ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుచుండగా రెండవ పెట్టెలో యూనికోడు తెలుగు వెలువడును. దానిని ఎత్తి కావలసినచోట చేర్చుకొనవచ్చును. ఏమియు అమర్చుకొన నక్కరలేదు. ఇంటర్నెట్టు కేంద్రములో గంటకింత అని చెల్లించి కూర్చున్నవాడుకూడ తెలుగు వ్రాయగలిగెను.

పద్మ ఉన్న తెలుగును చదివించెను. లేఖిని కొత్త తెలుగును వ్రాయించెను. వెబ్‌పై తెలుగులో వ్రాయువారు ఈ సంవత్సరములలో పెరిగిరి. క్రమముగా దినపత్రికలును తమ వెబ్ సైట్లను యూనికోడునకు మార్చుకొన్నవి. నేడు ప్రధానమైన తెలుగు పత్రికల వెబ్ పుటలు యూనికోడులోనే ఉన్నవి. ‘మిర్చి ధర’ అని తెలుగులో వెదకినచో ఆనాటి వార్తలు చేతిలోని ఫోనులోనే దొరకుచున్నవి.

ఆశ్రయము మారినప్పుడు

పొడిగింతకు బ్రౌజరే ఆశ్రయము. ట్రాక్టరు వెనుక కొక్కెము మారినచో పాత నాగలి తగులదు. 2010లో గూగుల్ క్రోమ్ బ్రౌజరు మరియొక విధమైన కట్టుబాటుతో పొడిగింతలకు చోటిచ్చెను. ఫైర్‌ఫాక్స్‌లోని పాత పద్ధతి పొడిగింతకు ఎంతో స్వేచ్ఛ ఇచ్చెడిది. బ్రౌజరుయొక్క లోపలి భాగములనుకూడ అది తాకగలిగెడిది. దానివలన బ్రౌజరు మారినప్పుడెల్ల పొడిగింతలు చెడుట, ఒక పొడిగింత తప్పువలన బ్రౌజరే ఆగుట వంటి ఇబ్బందులు ఉండెడివి. భద్రతయు, వేగమును కోరి 2017 నవంబరు 14న వెలువడిన 57వ కూర్పుతో ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతిని పూర్తిగా విడిచెను. కొత్త కట్టుబాటు ప్రకారము తిరిగి వ్రాయబడని పొడిగింతలన్నియు ఒక్క దినములో మూలబడెను. పాత పద్ధతిలో వ్రాయబడిన పద్మకూడ వానిలోనిదే.

ఇట్టి మార్పు అదియే కడపటిది కాదు. క్రోమ్ బ్రౌజరు తన రెండవ కట్టుబాటును 2024, 2025 సంవత్సరములలో దశలవారీగా విడిచెను. లక్షలమంది వాడుచుండిన యూబ్లాక్ ఆరిజిన్ ఆ బ్రౌజరులో పనిచేయుట మానెను. పాఠకుని చేతిలోని పనిముట్టు పాఠకునిదే ఐనను, దానిని తగిలించుకొను యంత్రము పరులది. పొడిగింతలను నమ్ముకొనువారు ఈ పరిమితిని ఎరిగియుండవలెను.

మిగిలిన పని

పత్రికలు యూనికోడునకు మారినందున పద్మ పని తీరిపోయెనని తలచుటకు వీలులేదు. పాత ఫాంట్లలో కూర్చిన వెబ్ పుటలు, పుస్తకముల ఫైళ్లు ఇంకను ఉన్నవి. అచ్చుకూటములలో నేటికిని పాత ఫాంట్లతోనే కూర్చు పుస్తకములును కలవు. ఆ ఫైళ్లను తెరచుటకు అవే ఫాంట్లు కావలెను. ఫాంటు పోయిననాడు, దాని పట్టిక ఎరిగినవారు లేనినాడు, ఫైలులో మిగులునవి అర్థము లేని సంఖ్యలే.

అద్దంకి ఈ మైదానములోని పాత ఊరు. 1970లో ఏర్పడిన ప్రకాశము జిల్లాలో చేరి, 2022 నాటి జిల్లాల విభజనలో బాపట్ల జిల్లాలోనికి వచ్చినది. అక్కడి పండరంగని శాసనము క్రీ. శ. 848 ప్రాంతమునాటిది. అందులో తరువోజ పద్యము కలదు. పదకొండు శతాబ్దములకు పైగా గడచినను అది నేడు చదువబడుచున్నది. రాతిపై ఉన్న ఆకారములు నేటివి కావు. శాసన పరిష్కర్తలు ఒక్కొక్క ఆకారమును పరిశీలించి, అది ఏ అక్షరమో తేల్చి, నేటి లిపిలోనికి మార్చినందున అది పాఠకులకు అందినది. ఆకారమునుండి అక్షరమును రాబట్టు ఆ పనినే పద్మ కంప్యూటరుపై చేసెను. రాయి నిలిచినందున పరిష్కర్తకు వ్యవధి దొరకెను. కంప్యూటరు ఫైలునకు రాతికున్న ఆయుర్దాయము లేదు.

కావున పాత ఫాంట్లలో పుస్తకములు, పత్రికలు, లెక్కలు భద్రపరచుకొన్న సంస్థలు చేయవలసినవి రెండు. ఫైలుతోపాటు అది ఏ ఫాంటులో కూర్చబడినదో వ్రాసియుంచి, ఆ ఫాంటునుకూడ దాచవలెను. పట్టికలు తెలిసినవారు ఉండగనే ఆ పాఠమును యూనికోడులోనికి మార్పించి, మార్చినదానిని అసలు అచ్చుప్రతితో అక్షరమక్షరము సరిచూపించవలెను. ‘మిర్చి’ ‘విర్చి’ కాకుండ చూచుకొనగలవాడు చివరకు చదువుట వచ్చిన మనిషియే.